నడి సముద్రంలో నెట్‌వర్క్ ఉండదు!

రాత్రి పదకొండు దాటింది. విశాఖ తీరానికి దాదాపు 40 నాటికల్ మైళ్లు, అంటే 74 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం. చుట్టూ చీకటి. స్టీరింగ్ పక్కన వెలుగుతున్న తెర రెండుసార్లు మినుకుమని ఆరిపోయింది. మేమెక్కడున్నామో చూపించే జీపీఎస్ ప్లాటర్, నీళ్ల లోతు చెప్పే ఎకో సౌండర్... రెండూ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. సాయంత్రం నీళ్లలోకి వదిలిన గేలాల తాడు ఎక్కడుందో గుర్తు పెట్టిందీ అందులోనే. కొన్ని కిలోమీటర్ల పొడవున్న తాడు, వందల గేలాలు. ఓనరు అప్పు చేసి కొన్న సరంజామా.

ఆ పెట్టెను బిగించింది నేనే.

నేను ఈసీఈ చదివా. కాలేజీ అయ్యాక గ్యాడ్జెట్ల మీద బ్లాగు రాసుకుంటూ, బోట్లకు ఎలక్ట్రానిక్ పరికరాలు అమర్చే ఓ చిన్న కంపెనీలో కొన్నాళ్లు పనిచేశా. కొత్త పరికరం సరిగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి, ఓ మార్చి నెలలో, బోటులో వెళ్లేవాళ్ల జాబితాలో పేరు రాయించుకుని ఆరు రోజుల వేటకు బయల్దేరా. ఆ ఆరు రోజుల్లో నేర్చుకున్నది నాలుగేళ్ల బీటెక్‌లో నేర్చుకోలేదని డైలాగులు కొట్టను. కానీ సముద్రం మీద ఉద్యోగం గురించి నాకున్న ఊహలన్నీ రెండో రాత్రికే తడిసిపోయాయి.

‘తండేల్’ సినిమా వచ్చాక చాలామంది జూనియర్లు నన్ను అడుగుతున్నారు. ‘అన్నా, డీప్ సీ ఫిషింగ్‌లో జాబులుంటాయా? జీతం ఎంత? మన డిగ్రీ పనికొస్తుందా?’ అని. ఉంటాయి. అయితే అవి రెండు రకాలు. బోటు మీద ఉండేవి కొన్ని, ఒడ్డున కంప్యూటర్ ముందు ఉండేవి కొన్ని. ఏది ఎంచుకున్నా ముందు అక్కడ పని ఎలా ఉంటుందో తెలియాలి. అందుకే కోర్సుల సంగతి తర్వాత చెప్తా. ముందు బోటెక్కుదాం.

ఎంత దూరం వెళ్తే డీప్ సీ?

తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా వేటను చూసుకునేది రాష్ట్ర ప్రభుత్వం. అక్కడి నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు, అంటే దాదాపు 370 కిలోమీటర్ల దాకా ఉండేది దేశపు ప్రత్యేక ఆర్థిక మండలి. అది కేంద్రం పరిధి. మనవాళ్ల వేటలో ఎక్కువ భాగం తీరానికి దగ్గర్లోనే సాగుతోంది. రొయ్య కోసం, చిన్న చేప కోసం ఒకే నీళ్లలో అందరూ పోటీ. దూరంగా లోతు నీళ్లలో తిరిగే ట్యూనా (మన తీరంలో సూర అంటారు), కొమ్ముకోణం లాంటి పెద్ద చేపల దగ్గరకు వెళ్లగలిగే బోట్లు, వాటిని నడపగలిగే మనుషులు తక్కువ. ఈ రంగంలో అవకాశం ఉందంటే అందుకే.

2025 నవంబరులో కేంద్రం ఈ ప్రత్యేక మండలిలో వేటకు కొత్త నిబంధనలు తెచ్చింది. మరబోట్లు అక్కడికి వెళ్లాలంటే ఆన్‌లైన్‌లో యాక్సెస్ పాస్ తీసుకోవాలి. మత్స్యకార సహకార సంఘాలకు ప్రాధాన్యం. లైట్లు వేసి చేపల్ని ఆకర్షించే ఎల్‌ఈడీ వేటకు, రెండు బోట్లు కలిసి వల లాగే పద్ధతికి అనుమతి లేదు. ఇంటర్వ్యూలో అడిగినా అడగకపోయినా ఈ నాలుగు ముక్కలు తెలుసుకుని ఉండండి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఆ రెండు నెలలు మరబోట్లు కదలవు. కాబట్టి ‘సమ్మర్ హాలిడేస్‌లో ఓ ట్రిప్ వేద్దాం బ్రో’ అనే ప్లాన్ పనిచేయదు. కానీ బోట్ల రిపేర్లు, పెయింటింగు, కొత్త పరికరాల బిగింపు జరిగేది ఆ రెండు నెలల్లోనే. ఎలక్ట్రానిక్స్, డీజిల్ ఇంజిన్ల పని నేర్చుకోవాలనుకునేవాళ్లు జెట్టీ మీద తిరగాల్సిన సీజన్ అదే.

మొదటి శత్రువు మీ కడుపే

హార్బర్ దాటిన గంటన్నరకు నా మొదటి వాంతి. తర్వాతి ఒకటిన్నర రోజు గురించి ఎక్కువ చెప్పను. ‘సినిమాల్లో హీరోకి ఇలా ఎందుకు అవ్వదు?’ అని మాత్రం చాలాసార్లు అనుకున్నా.

సీ సిక్‌నెస్‌కి కారణం సింపుల్. కళ్లు ‘కదలట్లేదు’ అంటాయి, చెవి లోపలి బ్యాలెన్స్ వ్యవస్థ ‘కదులుతున్నాం’ అంటుంది. మెదడుకు ఎవర్ని నమ్మాలో తెలియదు. అందుకే ఫోన్ చూస్తే ఇంకా ఎక్కువవుతుంది. నీళ్లూ ఆకాశం కలిసే గీత వైపు చూస్తూ ఉండండి. బోటు ముందు కొసన కూర్చోవద్దు, అక్కడ ఊపు ఎక్కువ. మధ్యలో, గాలి తగిలేచోట ఉండండి. ఇంజిన్ గదిలో డీజిల్ వాసన మధ్య పడుకున్నారంటే ఇక అంతే. మాత్ర వేసుకునేది ఉంటే డాక్టర్‌ని అడిగి, బోటెక్కడానికి ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు. పైగా ఈ మాత్రల్లో చాలావాటికి నిద్ర వస్తుంది. మగతగా ఉన్నవాడు తిరిగే వించ్ దగ్గరకు వెళ్లకూడదు.

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, నూనె వంటలు దట్టించి కూడా వెళ్లొద్దు. నాకు పనికొచ్చింది ఉప్పు వేసిన గంజి, అల్లం ముక్క, ఓఆర్‌ఎస్. వాంతయినా సరే కొంచెం కొంచెం తాగుతూ ఉండాలి. ఎక్కువమందికి రెండు మూడు రోజుల్లో అలవాటవుతుంది. నాకు మూడో రోజు ఉదయం ఆకలేసింది. ఆ రోజు తిన్న చేపల పులుసు అన్నం రుచి ఇప్పటికీ గుర్తుంది. కొంతమందికి ఎన్నిసార్లు వెళ్లినా అలవాటవదు. అదేం సిగ్గుపడాల్సిన విషయం కాదు. కోర్సుకి ఫీజు కట్టకముందే తెలిసిపోవడం మంచిది.

బ్యాగులో ఏం పెట్టుకోవాలి? ఆధార్, మత్స్యకారులకైతే బయోమెట్రిక్ గుర్తింపు కార్డు... ఇవి ప్లాస్టిక్ కవర్లో. కోస్ట్‌గార్డ్ బోటు ఆపి అడిగితే చూపించాలి. పూర్తి చేతుల చొక్కాలు, తొందరగా ఆరే బట్టలు (జీన్స్ వద్దే వద్దు), జారని చెప్పులు, రబ్బరు గ్లౌజులు, తలకు కట్టుకునే లైటు, మీరు రోజూ వాడే మందులు. మంచినీళ్లు డ్రమ్ముల్లో లెక్కగా తీసుకెళ్తారు కాబట్టి స్నానం ఉప్పునీళ్లతోనే. చాలా బోట్లలో టాయిలెట్ ఉండదు. ఇది ఏ కెరీర్ గైడెన్స్ వీడియోలోనూ చెప్పరు, అందుకే నేను చెప్తున్నా.

తాడు చుట్టలో కాలు పెట్టొద్దు

మా బోటు డ్రైవర్‌కి యాభై దాటి ఉంటాయి. నేను ‘బాబాయ్’ అని పిలిచేవాణ్ని. నేను బోటెక్కగానే ఆయన చెప్పిన మొదటి మాట: ‘‘బాబూ, నువ్వేటి సేసినా సెయ్యి, ఆ తాడు సుట్టలో మాత్రం కాలెట్టకు.’’

గేలాల తాడు వదిలేటప్పుడు బోటు ముందుకు పోతూ ఉంటుంది, తాడు వెనక్కి జర్రున జారుతూ ఉంటుంది. చుట్టలో కాలుంటే మనిషి కూడా తాడుతోపాటే వెళ్తాడు. అరిచేలోపు నీళ్లలో ఉంటాడు. ట్రాల్ వల లాగే బోట్లలో వించ్ దగ్గరా అదే ప్రమాదం. వదులు చొక్కా, మెడలో తువ్వాలు, చేతికి దారం... ఏది చిక్కుకున్నా మనిషిని లాగేస్తుంది.

గేలం చేతికి గుచ్చుకోవడం ఇక్కడ మామూలు విషయం. ముల్లు లోపలికి దిగితే వెనక్కి లాగకూడదు, కండ చీలుతుంది. శుభ్రంగా కడిగి, గేలం కదలకుండా కట్టు కట్టి, ఒడ్డుకు చేరగానే ఆస్పత్రికి వెళ్లాలి. బయల్దేరే ముందే టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఉండాలి. ఇక కొమ్ముకోణం గేలానికి పడితే కొత్తవాళ్లు దూరంగా నిలబడాలి. దాని ముక్కు బల్లెం లాంటిది. ప్రాణాలు పోయిన సందర్భాలు మన తీరంలోనే ఉన్నాయి.

లైఫ్ జాకెట్ గురించి నిజం చెప్పాలి. బోట్లలో ఉంటాయి, మూలన కట్టేసి. పనికి అడ్డమని వేసుకోరు. మీరు మాత్రం కొత్తవాళ్లు, మీకు అలల లయ తెలియదు. రాత్రిపూట డెక్ మీదకు వచ్చినప్పుడైనా వేసుకోండి. నవ్వితే నవ్వనివ్వండి. ఎవరైనా నీళ్లలో పడితే గట్టిగా కేకేసి, తేలే వస్తువు ఏదుంటే అది విసిరేయాలి. ఒక మనిషి కేవలం పడినవాడి వైపు వేలు చూపిస్తూ నిలబడాలి. కళ్లు పక్కకు తిప్పకూడదు. అలల్లో మనిషి తల ఒక్కసారి కనుమరుగైతే మళ్లీ దొరకడం చాలా కష్టం. జీపీఎస్ ప్లాటర్లలో చాలావాటికి ‘ఎంఓబీ’ అనే బటన్ ఉంటుంది. నొక్కితే మనిషి పడిన చోటు గుర్తు పెట్టుకుంటుంది.

సెల్ సిగ్నల్ తీరం దాటిన కాసేపటికే పోతుంది. తర్వాత మీ గొంతు వీహెచ్‌ఎఫ్ రేడియోనే. ఆపదలో ఛానెల్ 16. ‘మేడే’ అని మూడుసార్లు చెప్పి, బోటు పేరు, ఉన్న చోటు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు... ఈ వరసలో చెప్పాలి. భయంలో వరస మర్చిపోతారు కాబట్టి కాగితం మీద రాసి రేడియో పక్కన అతికించండి. ఇంట్లోవాళ్ల ఫోన్‌లో కోస్ట్‌గార్డ్ నంబరు 1554 సేవ్ చేయించి బయల్దేరండి.

వాతావరణం సంగతి వేరే చెప్పాలా? అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చూసినవాళ్లం. హార్బర్‌లో 1వ నంబరు హెచ్చరిక ఎగరేశారంటే ఎక్కడో దూరంగా వాయుగుండం ఉందని అర్థం. దూరంగానే ఉందిలే అని బయల్దేరితే, మీరు వెళ్లేది దాని వైపేనని మర్చిపోకండి. 10 వచ్చేసరికి అది పెను ప్రమాద సూచిక. ఇక 11 అంటే హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని.

ఉప్పుకి ఇంజినీరింగ్ తెలియదు

ఇప్పుడు ఆ ఆరిపోయిన తెర దగ్గరకు వద్దాం.

టార్చి వేసి చూస్తే విషయం తెలిసింది. కేబిన్ పైకప్పు మీద కరెంటు వైర్లు కలిసేచోట నేను నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టా. ఇంట్లో చుట్టినట్టు. రెండు రోజుల ఉప్పు తుంపరకు లోపల రాగి ఆకుపచ్చగా మారిపోయింది. పట్టుకోగానే పొడిలా రాలింది. స్పేర్ వైరు, కనెక్టరు తీసుకెళ్లా కదా అని బ్యాగు వెతికితే సోల్డరింగ్ ఐరన్ ఉంది, కనెక్టరు లేదు. హార్బర్‌లో టేబుల్ మీద వదిలేసి వచ్చా.

బాబాయ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపు దిక్సూచి వైపు, కాసేపు నీళ్ల వైపు చూసి అడిగారు: ‘‘సాయంత్రం ఆకరి బోయా ఇడిసినప్పుడు నువ్వు ఫొటో తీసినావు గదా. ఆ ఫోన్లో ఏటైనా తెలుస్తాదేటి?’’

అప్పుడు వెలిగింది. ఫోన్‌లో జీపీఎస్ పనిచేయడానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. అది ఉపగ్రహాల నుంచి నేరుగా సిగ్నల్ తీసుకుంటుంది. నా కెమెరాలో లొకేషన్ ఆన్‌లోనే ఉంది. ఇన్‌స్టాలో పెడదామని తీసిన సూర్యాస్తమయం ఫొటో వివరాల్లో అక్షాంశం, రేఖాంశం అంకెలతో సహా ఉన్నాయి. కానీ అది ఐదు గంటల కిందటి చోటు. తాడు నీళ్లతోపాటు కొట్టుకుపోతూ ఉంటుంది. ప్రవాహం గంటకు ఒక నాటికల్ మైలు ఉన్నా, ఐదు గంటలకు తొమ్మిది కిలోమీటర్లు. ఏ వైపు?

ఆ జవాబు నా దగ్గర లేదు. బాబాయ్ దగ్గర ఉంది. ‘‘ఈ నెల్లో నీళ్లు ఉత్తరానికి లాగుతాయి బాబూ’’ అన్నారు. తర్వాత పుస్తకాల్లో చూశా. నిజమే, ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం వైపు, ఈశాన్యం వైపు సాగుతుంది. అక్టోబరు తర్వాత తిరగబడి దక్షిణానికి వెళ్తుంది. నేను ఫోన్‌లో అంకెలు చదువుతూ ఉంటే ఆయన స్టీరింగ్ తిప్పారు. దాదాపు మూడు గంటలు వెతికాక దూరంగా బోయా మీద లైటు మినుకుమంటూ కనిపించింది. ఆ మూడు గంటల్లో ఒక్కసారి కూడా వాంతి రాలేదు నాకు. భయానికి ఆ గుణం ఉందేమో!

ఈ రంగంలోకి వచ్చే ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్ విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. సముద్రంలో చెడిపోయేది సర్క్యూట్ కాదు, జాయింటు. తగరం పూత ఉన్న రాగి వైరు వాడండి. లోపల జిగురుండే హీట్ ష్రింక్ గొట్టం వేయండి. కనెక్టర్లు ఐపీ67 రకానివి తీసుకుని, లోపల డై ఎలక్ట్రిక్ గ్రీజు పూయండి. వైరు పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు ఇస్తే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది. ఇవన్నీ కలిపి ఖర్చు పరికరం ధరలో వీసమెత్తు. ముఖ్యమైన ఏ పరికరానికైనా రెండోది ఉండాలి. ప్లాటర్‌కి తోడు ఫోన్, ఫోన్‌కి తోడు దిక్సూచి, దిక్సూచికి తోడు కాగితం మీద రాసుకున్న అంకెలు.

ఎకో సౌండర్ కూడా ఓ సరదా పాఠం. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. కింద తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు లెక్క. తిరిగి రావడానికి 0.4 సెకను పట్టిందంటే లోతు 300 మీటర్లు. చాలా సౌండర్లలో 50, 200 కిలోహెర్ట్జ్ రెండూ ఉంటాయి. తక్కువ ఫ్రీక్వెన్సీ లోతుకు వెళ్తుంది, ఎక్కువది దగ్గర్లో స్పష్టంగా చూపిస్తుంది. బాబాయ్ మాత్రం తెర మీద మీటర్లు చూసి, మనసులో బారల్లోకి మార్చుకునేవారు. ఒక బార అంటే ఆరడుగులు.

చేప ఎక్కడుందో హైదరాబాద్ చెబుతుంది

సముద్రమే లేని హైదరాబాద్ నుంచి సముద్రంలో చేపల జాడ చెప్తారంటే నమ్ముతారా? ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ పని అదే. 1999లో ఏర్పడిన ఈ సంస్థ, ఉపగ్రహాలు పంపే సమాచారంతో సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, నీళ్లలోని క్లోరోఫిల్ గమనిస్తుంది. క్లోరోఫిల్ ఎక్కువుంటే సూక్ష్మ మొక్కలు ఎక్కువున్నట్టు. వాటికోసం చిన్న జీవులు, వాటికోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం సూర. చల్లటి నీళ్లు, వెచ్చటి నీళ్లు కలిసే అంచుల్లో ఈ విందు జరుగుతుంది. ఆ చోట్లను తెలుగుతో సహా స్థానిక భాషల్లో తీరానికి చేరవేస్తారు. ట్యూనాకి ప్రత్యేక సూచనలూ ఇస్తారు. డీజిల్ తగలేసుకుంటూ వెతికే పని తగ్గుతుంది. మబ్బు కమ్మితే మాత్రం ఉపగ్రహానికి నీళ్లు కనిపించవు.

డేటా సైన్స్, రిమోట్ సెన్సింగ్, జీఐఎస్ చేసినవాళ్లు ఇలాంటి సంస్థల ప్రాజెక్టు ఉద్యోగాల నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి. చెన్నైలోని ఎన్‌ఐఓటీ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ పార్కుల చుట్టూ తిరిగే మన కళ్లకు ఈ బోర్డులు కనిపించవు.

ఇంకోటి ట్రాన్స్‌పాండర్. ఇస్రో రూపొందించిన ఈ పరికరాలను దేశవ్యాప్తంగా లక్ష బోట్లకు అమర్చే కార్యక్రమం 2024 ఆగస్టు 30న మొదలైంది. సెల్ సిగ్నల్ లేనిచోట కూడా ఉపగ్రహం ద్వారా చిన్న సందేశాలు రెండువైపులా వెళ్తాయి. తుపాను హెచ్చరిక వస్తుంది, సరిహద్దు దగ్గర పడితే అప్రమత్తం చేస్తుంది. సరిహద్దు విలువ శ్రీకాకుళం, విజయనగరం కుటుంబాలకు తెలుసు. గుజరాత్ బోట్లలో పనికి వెళ్లిన మనవాళ్లు 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడ్డారు. 2020 జనవరిలో 20 మంది వాఘా మీదుగా ఇల్లు చేరారు. లక్ష పరికరాలంటే వాటిని బిగించాలి, రిపేరు చేయాలి, వాడడం నేర్పాలి. ఆ పనికి తీరంలో మనుషులు కావాలి. నల్ల టేపు చుట్టే రకం కాకుండా.

పట్టిన చేప పాడైతే పట్టనట్టే

నేను ఆశ్చర్యపోయిన విషయం ఇది. సూర చేప గేలానికి పడి పోరాడినంతసేపు దాని ఒళ్లు వేడెక్కుతుంది. పైకి లాగాక వెంటనే చంపి, రక్తం కారనిచ్చి, మొప్పలు, పేగులు తీసి, మంచులో పెట్టాలి. ఆలస్యమైతే కండ రంగు మారుతుంది. లోపల హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. వండినా అది పోదు, తిన్నవాళ్లకు ఒంటిమీద దద్దుర్లు, తలనొప్పి. ఎగుమతి కొనుగోలుదారులు మొదట చూసేది దీన్నే. మన వాతావరణానికి చేప ఎంత బరువుంటే మంచు కూడా అంత ఉండాలనేది మోటు లెక్క. చేపను డెక్ మీద విసిరినా, తొక్కినా, కొక్కెం ఒంట్లో గుచ్చినా ధర పడిపోతుంది. ఒకే చేప... పచ్చిగా తినే జపాన్ వంటకానికి వెళ్లొచ్చు, లేదా ఎండుచేపల కుప్పలోకి పోవచ్చు. తేడా అంతా బోటు మీద మొదటి గంటలోనే.

గేలానికి తాబేలు పడితే? ఆలివ్ రిడ్లే తాబేళ్లకు, వేల్ షార్క్‌కు చట్టపరమైన రక్షణ ఉంది. తాడు కోసి, వీలైతే గేలం తీసి వదిలేయాలి. గుండ్రటి గేలాలు వాడితే తాబేలు మింగే ప్రమాదం తగ్గుతుంది. ఇది దయ ఒక్కటే కాదు. ట్రాల్ వలల్లో తాబేళ్లు తప్పించుకునే ఏర్పాటు లేదని 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల్ని కొనడం ఆపేసింది.

ఏ దారిలో వెళ్లాలి?

సముద్రంలో పనికి ‘తెలిసినవాళ్ల ద్వారా’ దారి ఎప్పుడూ ఉంది. కళాసీగా ఎక్కి, ఏళ్ల తర్వాత డ్రైవర్ అవ్వొచ్చు. అక్కడ నెల జీతం కంటే వాటా పద్ధతి ఎక్కువ. డీజిల్, మంచు, రేషన్ ఖర్చులు పోను మిగిలింది ఓనరు, సిబ్బంది పంచుకుంటారు. చేప పడకపోతే వాటా లేదు. చదువుకున్న మీకు ఇంకో దారి ఉంది. అది సర్టిఫికెట్ దారి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ సిఫ్‌నెట్ 1963 నుంచి ఈ శిక్షణ ఇస్తోంది. ప్రధాన కేంద్రం కొచ్చి, మిగతా రెండు చెన్నై, విశాఖపట్నం. పదో తరగతిలో గణితం, సైన్సుల్లో నిర్ణీత మార్కులు వచ్చినవాళ్లకు రెండేళ్ల వెసెల్ నావిగేటర్, మెరైన్ ఫిట్టర్ కోర్సులు ఉన్నాయి. వయసు పరిమితి గట్టిగా ఉంటుంది, దాదాపు 15 నుంచి 20 ఏళ్లు, ఎస్సీ, ఎస్టీలకు సడలింపు. డిగ్రీ అయ్యాక గుర్తొస్తే లాభం లేదు. మీ తమ్ముళ్లకు, ఊళ్లో పది పాసైన పిల్లలకు ఇప్పుడే చెప్పండి. ఇంటర్ ఎంపీసీ వాళ్లకు కొచ్చిలో నాటికల్ సైన్స్‌తో నాలుగేళ్ల ఫిషరీస్ డిగ్రీ ఉంది. కోర్సు తర్వాత సముద్రంలో నిర్ణీత కాలం పనిచేసి, మర్కంటైల్ మెరైన్ డిపార్ట్‌మెంట్ పరీక్షలు రాస్తే మేట్, స్కిప్పర్, ఇంజిన్ డ్రైవర్ సర్టిఫికెట్లు వస్తాయి. ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియా నౌకల్లో పోస్టులకు అడిగేది ఇలాంటి అర్హతలే. దీనికీ విశాఖలో కేంద్రం ఉంది.

ఇప్పటికే బీటెక్ చేతిలో ఉన్నవాళ్లకు స్కిప్పర్ సీటు నేరుగా రాదు. మెకానికల్ అయితే డీజిల్ ఇంజిన్లు, మంచు యంత్రాలు, కోల్డ్ స్టోరేజీ. ఈసీఈ అయితే నేను చేసిన పని, నాకంటే మెరుగ్గా. బైపీసీ చదివిన చెల్లెళ్లు, తమ్ముళ్లకు ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ డిగ్రీ ఎలాగూ ఉంది. అమ్మాయిలు బోటెక్కొచ్చా అని అడిగేవాళ్లకు: కేరళలోని చావక్కాడ్ దగ్గరి కె.సి.రేఖ లైసెన్సు తీసుకుని భర్తతో కలిసి లోతు నీళ్లలో వేట చేశారు. 2017లో సీఎంఎఫ్‌ఆర్‌ఐ ఆమెను సత్కరించింది. ఎక్కొచ్చు. టాయిలెట్ లేని బోట్ల సంగతి మాత్రం ఎవరో ఒకరు తేల్చాల్సిందే.

మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చినవాళ్లకు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో డీప్ సీ బోటుకు సాయం ఉంది. యూనిట్ ఖర్చు 1.20 కోట్లుగా లెక్కగట్టి, జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. మిగతాది అప్పే. డీజిల్, మంచు, చేప ధర లెక్కలు నోట్‌బుక్‌లో వేసి చూసుకున్నాకే బ్యాంకు మెట్లెక్కండి. ప్రమాద బీమా కూడా అదే పథకంలో ఉంది. మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు. బోటెక్కేముందు మీ పేరు అందులో ఉందో లేదో అడగండి. మొహమాటం వద్దు.

ఇక ఏజెంట్లు. ‘విదేశీ ఫిషింగ్ షిప్‌లో జాబ్, నెలకు ఇన్ని డాలర్లు, ముందు డబ్బు కట్టండి’ అని వాట్సాప్‌లో వస్తుంది. నా రూమ్మేట్ తమ్ముడు ఓ ఏజెంటుకు డబ్బు కట్టి ఏడాది తిరిగాడు. నౌకా ఉద్యోగాలకు మనుషుల్ని తీసుకునే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ జాబితా వెబ్‌సైట్‌లో ఉంటుంది. పేరు లేకపోతే నంబర్ బ్లాక్ చేయండి. ఉంటే కూడా కాంట్రాక్టు ఎన్ని నెలలు, తిరుగు టికెట్ ఎవరిది, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది... ఈ మూడూ రాతపూర్వకంగా తీసుకోండి.

ఆరో రోజు తెల్లవారుజామున హార్బర్‌కు వచ్చాం. గేలాలకు పడిన సూర, రెండు కొమ్ముకోణాలు వేలంలో గంటలోపే వెళ్లిపోయాయి. నాకు వాటా ఏమీ లేదు. బాబాయ్ ఓ చిన్న వంజరం కవర్లో పెట్టి ఇచ్చారు. ఆ రోజే మళ్లీ బోటెక్కి, జాయింట్లన్నీ విప్పి, కొత్త కనెక్టర్లతో సాయంత్రం దాకా కూర్చుని బిగించా. వేట నిషేధం అయ్యాక జూన్ చివర్లో ఆయన ఫోన్ చేశారు. పరికరం గురించి ఒక్క ముక్కా మాట్లాడలేదు. ‘‘మా సిన్నోడు పది పాసైనాడు బాబూ. నువ్వు సెప్పిన ఆ కోర్సుకి ఏటేటి కాయితాలు కావాలి?’’ అని అడిగారు.